అనాథబాలలు – తోటబడులు

కాపుకుటుంబమున తండ్రి మరణించినప్పుడు బిడ్డలు రెండింటిని పోగొట్టుకొందురు. కూడు పెట్టు చేయి యొకటి. సేద్యము చెప్పు నోరు రెండవది. మొదటి నష్టము అందఱకును కనబడును. రెండవది కొంతకాలమునకు గాని బయటపడదు. ఏ చెలకకు ఏ విత్తనము తగునో, ఏ కార్తెలో దుక్కి దున్నవలెనో, ఆకు ముడుచుకొన్నప్పుడు అది నీరు చాలక ముడుచుకొన్నదో పురుగు తగిలి ముడుచుకొన్నదో కనిపెట్టుట యెట్లో – ఇదంతయు గట్టుమీద నిలిచి తండ్రి చెప్పగా వినుచు, కలుపు తీయు తల్లి ప్రక్కన కూర్చుండి చూచుచు నేర్చుకొను విద్య. దీనికి పుస్తకము లేదు. పరీక్ష మాత్రము ఏటేట కలదు. ఒక యింట ఈ యాపద వచ్చినచో పినతండ్రియో మేనమామయో ఆ లోటు తీర్చును. ఊరిలో వీథి వీథికిని వచ్చినచో తీర్చువా రెవరు?

ఈ ప్రశ్న ఆఫ్రికాఖండము దక్షిణభాగముననున్న పల్లెలకు ఇరువది యేండ్లకు పూర్వము నిజముగనే యెదురయ్యెను. అచ్చటివారు వెదకుకొన్న సమాధానములలో ఒకటి, పిల్లలు బడి విడిచిన పిమ్మట కలసి పెంచు తోట. ఆ తోట కథను, దానికి ముందు ఐరోపాలోను అమెరికాలోను మనదేశములోను జరిగిన కొన్ని ప్రయత్నములను ఈ ప్రసంగమున చెప్పదలచితిని. నా మాటలు ముఖ్యముగా గ్రామపెద్దల నుద్దేశించినవి. ఏలయనగా ఈ చరిత్రలో ఉపాధ్యాయుని పని కొంతయే; పెద్దల పని చాల కలదు.

మన కావ్యములు చదివినవారికి తోటపని చేయు అనాథబాలిక క్రొత్త గాదు. శకుంతలను కన్నతల్లి మేనక అడవిలో విడిచి పోయెను. తండ్రి విశ్వామిత్రుడు మరల చూడలేదు. పక్షులు కాచిన ఆ శిశువును కణ్వమహర్షి తెచ్చి పెంచెను. కాళిదాసు నాటకమున దుష్యంతుడు ఆమెను మొదట చూచుట ఆశ్రమవృక్షములకు ఆమె నీరు పోయుచున్న వేళనే. అచ్చట కవి ఒక చిన్నమాట వేసెను: ఆ మునికన్యల చేతులలోని కడవలు ఎవరి పరిమాణమునకు తగినవి వారికి ఉండెనట. ముప్పది యేండ్లకు పైగా నేను ఈ నాటకమును పాఠము చెప్పితిని. అందలి శృంగారమును విద్యార్థులు తమంతట తామే గ్రహించెడివారు. ఈ కడవల మాటను మాత్రము నేను వ్రేలు పెట్టి చూపవలసి వచ్చెడిది. కణ్వుని యాశ్రమమున పిల్లలచేత పని చేయించిరి గాని, పిల్లల బలమును కొలిచి చేయించిరని దాని భావము.

దీనికి ఎదురుగా నిలుచునది భారతము ఆదిపర్వమునందలి ఆరుణి కథ. మడికి గండి పడినది, కట్టి రమ్మని ధౌమ్యుడు శిష్యుని పంపెను. మట్టి నిలువలేదు. ఆ బాలుడు తానే గట్టుగా పండుకొని నీటిని ఆపెను. గురుభక్తికి దీనిని దృష్టాంతముగా చెప్పుట మన యాచారము, నేను కాదనను. కాని మడి గురువుగారిది, పంటయు గురువుగారిదే. బిడ్డ చేయు పని ఆ బిడ్డకు చదువా, లేక పెద్దలకు మిగులు కూలియా యను సందేహము నాటినుండి నేటివఱకును తోటబడులను వదలలేదు. నేనెఱిగిన బడితోటలు కొన్నింటిలో, పండిన వంకాయలు ఎవరి వంటయింటికి పోవునో పిల్లలందఱకును తెలిసియుండెడిది. తెలియనట్లు నటించుటయు వారు నేర్చుకొనెడివారు. అది కూడ ఒక చదువే గాని, తోట నేర్పవలసిన చదువు గాదు.

ఐరోపాలో ఈ సందేహమును తన జీవితముతోనే పరీక్షించిన మహనీయుడు పెస్టలోజ్జీ. స్విట్జర్లాండు దేశమున జూరిచ్ పట్టణములో 1746లో పుట్టెను. అయిదేండ్ల ప్రాయముననే తండ్రిని పోగొట్టుకొనెను. పెరిగి, రైతు కావలెనని కోరి, బిర్ర్ అను గ్రామము చెంత భూమి కొని, దానికి నొయ్‌హోఫ్ అని పేరు పెట్టెను. క్రొత్త కమతము అని దాని యర్థము. సాగు కలిసిరాలేదు, అప్పులు పెరిగెను. ఇతరులైనచో భూమి అమ్ముకొని పట్టణమునకు తిరిగి పోయియుందురు. ఈయన 1774లో, బిచ్చమెత్తుకొనుచు త్రోవలవెంట తిరుగు బీదపిల్లలను, దిక్కులేని పిల్లలను ఆ కమతమునకే చేర్చుకొనెను.

వేసవిలో పొలముపని. చలికాలమున నూలు వడకుట, నేయుట. చేతులు పనిలో నుండగనే నోటిపాఠములు, లెక్కలు. పిల్లలు చేసిన పనివలన వచ్చు రాబడితోనే వారి తిండి, బట్ట గడచునని పెస్టలోజ్జీ వేసుకొన్న లెక్క. ఆ లెక్క తప్పెను. అప్పుడే నేర్చుకొనుచున్న చేతులు తీసిన నూలు సంతలో మంచినూలుతో సరితూగలేదు. బక్కచిక్కి వచ్చిన పిల్లలు తిండి తిని, క్రొత్తబట్టలు కట్టి, పనికి అక్కఱకు వచ్చు వేళకు కొందఱిని వారివారే వచ్చి తీసికొనిపోయిరి. భార్య అన్నా తెచ్చిన ధనము చాలవఱకు హరించిపోయెను. 1780 నాటికి ఆ గృహము మూతపడెను.

ఈ ఓటమిని కొందఱు పెస్టలోజ్జీకి వ్యవహారజ్ఞానము లేమికి అంటగట్టుదురు. లేమి నిజమే. కాని వ్యవహారజ్ఞానము గలవాడు నడపియున్నచో ఏమగును? పాఠము చెప్పు గంట తఱిగినకొలది నూలు పెరుగును. నూలు పెరిగినకొలది లెక్క సరిపడును. గృహము నిలుచును, చదువు పోవును. ఆ కాలమున ఐరోపాలో అనాథగృహములు పెక్కింటిలో పిల్లలు తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు నూలు వడకుచునే యుండిరి. అవి మూతపడలేదు. నా యభిప్రాయమున పెస్టలోజ్జీ ఓడిపోయినది చెడ్డగా గెలువనొల్లకపోవుటచేత.

ఇరువది యేండ్లకు ఆయనకు మఱియొక యవకాశము వచ్చెను. 1798 సెప్టెంబరులో ఫ్రెంచిసేనలు నిడ్‌వాల్డెన్ ప్రాంతముపై పడి, ఇండ్లు తగులబెట్టి, వందలకొలది జనులను చంపిరి. మిగిలిన పిల్లలకొఱకు 1799 జనవరిలో స్టాన్స్ అను ఊరి మఠములో ఒక గృహము తెఱచి ప్రభుత్వమువారు పెస్టలోజ్జీని పంపిరి. పిల్లలు సుమారు ఎనుబదిమంది. తోడు ఒక పనిమనిషి. గజ్జి, పేలు, భయము – వీనితో వచ్చిరి. వారితోనే తినెను, వారినడుమనే పండుకొనెను. ఇచ్చటను పని కలదు. కాని ఈ పర్యాయము పనిని రాబడికొఱకు చూడక, పిల్లల శరీరమునకు అలవాటుగాను, రేపు తమ కాళ్లపై నిలుచు నేర్పుగాను చూచితినని ఆయన తరువాత వ్రాసెను. ఆఱు నెలలైనను నిండకమునుపే, జూన్ నెలలో, సైన్యమునకు వైద్యశాల కావలసి మఠమును ఖాళీ చేయించిరి. ఆయన రక్తము కక్కుకొను స్థితిలో కొండలకు పోయెను. అయినను పిల్లల చదువును గూర్చి వ్రాయువారు నేటికిని నొయ్‌హోఫ్‌లోని ఆఱేండ్లకంటె స్టాన్స్‌లోని ఆఱు నెలలనే ఎక్కువగా తలంతురు.

పెస్టలోజ్జీ తరువాత ఇవెర్డాన్‌లో నడపిన పాఠశాలకు 1808లో ఒక జర్మను యువకుడు వచ్చి రెండేండ్లుండెను. ఆయన ఫ్రోబెల్, ఏడాది నిండకుండగనే తల్లిని కోల్పోయినవాడు. 1840లో తన శిశుపాఠశాలకు కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టినవాడు ఈయనయే. పిల్లల తోట అని దాని యర్థము. మన పట్టణములలో ఇప్పుడు ఆ పేరు తగిలించుకొన్న బడులలో చారెడు మన్నైనను కనబడదు గాని, ఫ్రోబెల్ నిజముగనే తోట వేయించెను. నడుమ ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క చిన్నమడి. చుట్టును అందఱును కలసి సాగుచేయు మడులు. తన మడిలో ఏమి నాటవలెనో బిడ్డ ఇష్టము. వాడిపోయిన నష్టము కూడ బిడ్డదే. చుట్టునున్న మడులలో మాత్రము అందఱి మాట చెల్లవలెను. ఒకరి సొత్తును పదిమంది పని కంచెవలె చుట్టియుండుట – ఇంత సులభముగా ధర్మశాస్త్రమును మన్నుమీద వ్రాసినవాడు మఱియొకడు నాకు కనబడలేదు. ప్రష్యా ప్రభుత్వము 1851లో ఈ బడులను నిషేధించి 1860 వఱకు ఆ నిషేధమును ఎత్తివేయలేదు. పిల్లలు మిరపనారు నాటినను భయపడు ప్రభుత్వములు ఉండెడివి.

అమెరికాలో 1902లో న్యూయార్కు నగరమున ఫానీ పార్సన్స్ అను నామె, ఇరుకిండ్లలో పెరుగుచున్న బీదపిల్లలకొఱకు డెవిట్ క్లింటన్ పార్కులో పిల్లల పొలమొకటి ఏర్పఱచెను. అచ్చటను బిడ్డకొక మడి. పండినకూర ఆ బిడ్డదే. అటుపిమ్మట మొదటి ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వమే బడితోటసైన్యమను దానిని లేపి, లక్షలకొలది పిల్లలకు సైనికులవలె పదవులు, గుఱుతులు ఇచ్చి కూరగాయలు పండించెను. యుద్ధము ముగిసెను, 1919 తరువాత ఆ సైన్యమును లేదు. పిల్లలకొఱకు పుట్టిన తోటకును, పిల్లలను వాడుకొనుటకు పుట్టిన తోటకును ఆయుర్దాయమున భేదము కలదు.

మనదేశమునను ఈ తగవు వచ్చెను. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీమహాత్ముని అధ్యక్షతన విద్యావేత్తల సభ జరిగెను. చేతిపని మూలముగా చదువు నేర్పవలెననియు, పిల్లలు చేసిన వస్తువుల వెలనుండియే ఉపాధ్యాయుని జీతము రాగలదనియు మహాత్ముని యభిప్రాయము. మొదటిదానిని పెక్కుమంది మెచ్చిరి. రెండవదానిపై ఆచార్య కె. టి. షా మొదలగువారు అభ్యంతరము తెలిపిరి. డాక్టరు జాకీర్ హుసేన్ అధ్యక్షతన నేర్పడిన సంఘము ఆ యేటి డిసెంబరులో సమర్పించిన నివేదికయందు వడకుట, నేత, వడ్రంగముతోపాటు వ్యవసాయమును, పండ్లతోట కూరతోటల పెంపకమును మూలవృత్తులుగా నంగీకరించిరి. రాబడికి ప్రాధాన్యమిచ్చి చదువును బలిపెట్టు ప్రమాదము కలదనియు అందే హెచ్చరించిరి. మహాత్ముని సంకల్పమున దోషము లేదు. కాని జీతము ఇచ్చుకొనవలసినవాడు శిష్యుడైనచో ఆరుణి మరల గట్టుపై పండుకొనవలసి వచ్చును. నొయ్‌హోఫ్ కథ తెలిసినవారికి ఈ హెచ్చరిక ఎంత యవసరమో చెప్పనక్కఱలేదు.

ఇంక ఆఫ్రికాకు వత్తము.

మొజాంబిక్ దేశము హిందూమహాసముద్రతీరమున, మనకు పడమర దక్షిణముగా, ఆవలి యొడ్డున నున్నది. 1975లో పోర్చుగీసువారినుండి స్వాతంత్ర్యము పొందెను. 1977 నుండి 1992 వఱకు అంతర్యుద్ధము. అది చల్లాఱునంతలో ఎయిడ్స్ వ్యాధి వచ్చెను. ఇతరవ్యాధులు ముసలివారిని, పసివారిని ముందుగా పట్టును. ఇది నాగలి పట్టు వయస్సువారిని పట్టెను. భర్తకు వచ్చిన భార్యకును వచ్చును. సహారా ఎడారికి దక్షిణమున నున్న దేశములలో 2003 నాటికి ఈ వ్యాధివలన తల్లినో తండ్రినో ఇద్దఱినో పోగొట్టుకొన్న పిల్లలు సుమారు ఒక కోటి యిరువదిలక్షలు. స్వాజీలాండను చిన్న రాజ్యమున 2004లో వైద్యశాలలకు వచ్చిన గర్భిణులలో నూటికి నలువది యిద్దఱికి పైగా ఈ వ్యాధిక్రిములు కనబడెను. ఇది దూరపు కథయని మనవారు అనుకొనరాదు. 2000 సంవత్సరము దరిదాపున భారతదేశమున ఈ వ్యాధి ఎక్కువగా నుండిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2004 నుండి మనదేశమున ప్రభుత్వవైద్యశాలలలో ఉచితముగా మందు లభించుటచేత, ఆఫ్రికాలోను మందులు విరివిగా నందుటచేత, తరువాత మరణములు తగ్గెను. కాని అప్పటికే పోయినవారు పోయిరి.

పల్లెలో దాని ఫలితము క్రమముగా ఇట్లు కనబడెను. ముందు ఇంటి యజమాని మంచము పట్టును. మందులకు పశువులు, పనిముట్లు అమ్ముదురు. సేవచేయుటకు పెద్దబిడ్డను, తఱచుగా ఆడుబిడ్డను, బడి మాన్పింతురు. పనిచేయు చేతులు లేక పొలమున కొంత బీడుపడును. ఎక్కువ పని కోరు పైరులు మాని కఱ్ఱపెండలమువంటి దుంపను నాటుదురు. అది కడుపు నింపును గాని బలము చాలదు. కడపట అవ్వయు మనుమలును మిగులుదురు. పది పండ్రెండేండ్ల పిల్లవాడు ఇంటిపెద్ద యగును. వానికి భూమి యుండవచ్చును. దానిని ఏమి చేయవలెనో చెప్పవలసినవారు మాత్రము ఆ భూమిలోనే నిద్రించుచున్నారు.

ఈ స్థితిలో 2003, 2004 సంవత్సరములందు ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థయు, ప్రపంచ ఆహార కార్యక్రమమును కలసి మొజాంబిక్‌లోని మనీకా రాష్ట్రమున పిల్లలకు పొలముబడులు తెఱచిరి. ఈ పద్ధతి ఆఫ్రికాలో పుట్టినది గాదు. దాని పుట్టిల్లు జావాద్వీపము. అచ్చట వరికి సుడిదోమ పట్టి, మందు చల్లినకొలది దోమ పెరుగుచుండగా, ఇండొనీషియా ప్రభుత్వము 1986లో వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించెను. మందు చల్లినచో దోమకంటె ముందు దోమను తిను సాలీళ్లు చచ్చుచున్నవని రైతు తన కంటితో చూడవలెను గదా! దానికొఱకు 1989లో యోగ్యకర్త ప్రాంతమున రైతులను వారమునకొకమాఱు పొలములోనే కూర్చుండబెట్టి, చూచుట, గీయుట, చర్చించుట నేర్పిరి. ఆ పద్ధతియే తరువాత తెలుగునాటికి పొలంబడి అను చక్కని పేరుతో వచ్చెను. మన రైతులు ప్రత్తిపొలములలోను వరిపొలములలోను కూర్చుండి నేర్చిన పాఠమును మనీకా రాష్ట్రపు పిల్లలును నేర్చిరి.

ఒక్కొక్క బడికి ముప్పదిమంది దరిదాపు. వయస్సు పండ్రెండు మొదలు పదునెనిమిది వఱకు. బాలురు సగము, బాలికలు సగము. మామూలు బడి విడిచిన పిమ్మట వారమునకు రెండు మూడు దినములు కూడుదురు. దుక్కి మొదలు కోత వఱకు, కోతనుండి నిలువవఱకు, ఏడాది పొడుగున సాగును. చెప్పువారిలో ఒకరు వ్యవసాయశాఖ ఉద్యోగి, ఒకరు ఊరి యుపాధ్యాయుడు, ఒకరు ఆటపాటలు నడుపువారు. వచ్చిన పిల్లలకు భోజనము కలదు. మూడు పూటలు గడవని బిడ్డ తోటకు రావలెనన్న ముందు ఆకలి తీరవలెను. దీనిని లంచమని ఎగతాళిచేయువారు ఆకలి ఎఱుగరు.

పాఠము జరుగు తీరు చెప్పెదను. పిల్లలు అయిదాఱుగురు చొప్పున జట్లుగా విడి పైరులోనికి పోవుదురు. మొక్కజొన్నయో, అలసందయో, ఏదైన నొక మొక్కను ఎన్నుకొందురు. ఎత్తు కొలుతురు. ఆకులు లెక్కింతురు. ఆకు నెత్తి అడుగున చూతురు: తిను పురుగేది, ఆ పురుగును తిను సాలీడో అక్షింతలపురుగో కలదా, నేల తడిగా నున్నదా, కలుపు ఎంత. తరువాత చెట్టునీడకు వచ్చి పెద్దకాగితముపై ఆ మొక్క బొమ్మ వ్రాసి, ఒక ప్రక్క శత్రువులను, ఒక ప్రక్క మిత్రులను చిత్రింతురు. ఒక్కొక్క జట్టునుండి ఒకరు లేచి, తాము చూచినది చెప్పి, ఈ వారము ఏమి చేయవలెనో తమ యభిప్రాయము తెలుపుదురు. మిగిలినవారు అడ్డుప్రశ్నలు వేయుదురు. చదువు అంతంతమాత్రమైన పిల్లవాడును ఇచ్చట వెనుకబడడు. ఏలయనగా కన్ను అందఱకును సమానము. ఇంటివద్ద ఎవరును తన మాట అడుగని బిడ్డ ఇచ్చట లేచి పదిమంది యెదుట మాటలాడును. ఆ యొక్క సంగతికై ఈ బడి పెట్టవచ్చునని నాకు తోచును.

తోటపాఠమునకు ప్రక్కనే బ్రతుకుపాఠము జతచేయబడి యుండును. మొక్కను చీడనుండి కాపాడుట నేర్చిన దినముననే మలేరియానుండి, ఎయిడ్స్‌నుండి, చెడు తలంపుతో దరిజేరు పెద్దలనుండి తమ్ము కాపాడుకొనుట చెప్పుదురు. మొక్కకు ఏమేమి కావలెనని అడిగి, బిడ్డకు ఏమేమి కావలెనని అడుగుదురు. నోటితో చెప్పరాని దుఃఖమును నాటకముగా ఆడింతురు. పనులను ఆడ మగ తేడా లేక పంచవలెనని నియమము. పూర్వపు విత్తనములు, మందుమొక్కలు తెలిసిన ముసలివారిని పిలిచి చెప్పింతురు. మొదట నేను తండ్రి నోరు అంటిని; ఆ నోటికి తాతయవ్వల నోటిని బదులు తెచ్చుట ఇది. ఒక తరము తెగిపోయిన త్రాటిని ముందు తరముతో ముడివేయుట.

మొజాంబిక్‌నుండి ఇది కెన్యా, నమీబియా, జాంబియా, జింబాబ్వే, స్వాజీలాండు మొదలగు దేశములకు పాకెను. ఇందులో నాకు నచ్చని దొకటి కలదు. ధాన్యమును ధనమును దూరమునుండి వచ్చునంతకాలము ఊరు చూచుచు కూర్చుండు నలవాటు పడవచ్చును. ఆ విషయమున స్వాజీలాండు సంప్రదాయము విచారింపదగినది. 2018లో ఆ దేశమునకు ఎస్వతీని యని పేరు మార్చిరి. అచ్చటి గ్రామనాయకుని యధీనమున పూర్వమునుండి కొంత భూమి యుండెడిది. ఊరివారు కలసి దానిని సాగుచేసి పంటను నాయకుని గాదెలో పోయగా, దిక్కులేనివారికి, బాటసారులకు అందుండి పెట్టెడివారు. దానిని వారి భాషలో ఇండ్లుంఖులు అందురు. పెద్దయిల్లు అని యర్థము. మఱుగుపడిన ఆ యాచారమును ఈ వ్యాధికాలమున అనాథలకొఱకు మరల లేపిరి. పిల్లలను చేర్చి చూచుకొనుటకు ఊరూర కట్టిన యిండ్లకు అవ్వగారిల్లు అను నర్థము వచ్చునట్లు కాగోగో అని పేరు పెట్టిరి. ఇందు భూమి ఊరిది, బాధ్యత ఊరిది. విత్తనము, ఎరువు మాత్రము వెలుపలనుండి సాయము. దేవునికి మాన్యము వదలిన మన పూర్వులకు ఈ సంగతి వివరింపవలసిన పని యుండెడిది కాదు.

ఇంకొక మాట. ఈ పనులు చేయువారు క్రమముగా ఒక జాగ్రత్త నేర్చుకొనిరి. మొదట ఎయిడ్స్ అనాథలు అని పేరు పెట్టి పిలిచెడివారు. ఆ పేరు పిల్లల నొసట ముద్రవలె పడి తోడిపిల్లలు దూరముగా జరుగుచుండుట చూచి, అనాథలును ఆపదకు లోనైన పిల్లలును అని కలిపి చెప్పసాగిరి. తోటకు అట్టి పేరును అక్కఱలేదు. తండ్రి యున్నవాడు, లేనివాడు ఒకే మడిలో కలుపు తీసినచో చూచువానికి భేదము తెలియదు. మన యూళ్లలో ఎవరైన ఈ పనికి పూనుకొన్నచో, దిక్కులేని పిల్లల తోటయని పలక వ్రాసి కట్టవలదని నా మనవి.

మఱి భూమి సంగతి. బిడ్డ సేద్యము నేర్చెననుకొందము. దున్నుటకు తండ్రి భూమి మిగిలినదా? ఆఫ్రికాలో పెక్కుచోట్ల తండ్రి పోయినంతనే తండ్రితరపు బంధువులు భూమిని, పశువులను, ఇంటిసామానును పట్టుకొనుటయు, తల్లిని బిడ్డలను వెడలగొట్టుటయు జరిగెను. అందుచేతనే తోటబడులలో వారసత్వపు హక్కులను కూడ పాఠముగా చేర్చిరి. మొజాంబిక్‌లో 1997 నాటి భూమిచట్టము భూమి ప్రభుత్వముదే యనుచు, ఆచారముచొప్పున సాగుచేసికొనుచున్న కుటుంబములకు అనుభవహక్కును అంగీకరించెను. అందు స్త్రీలకును పురుషులకును సమానముగా వారసత్వము కలదు. వ్రాతకోతలు లేని పల్లెలలో ఆ హక్కును నిరూపించుట యెట్లు? ఊరివారి నోటిసాక్ష్యము చెల్లునని ఆ చట్టమే చెప్పుచున్నది. ఈ చెలక ఫలానివాని తండ్రిది, ఆ మామిడిచెట్టు మొదలు ఈ వాగు వఱకు – అని పెద్దలు చెప్పిన మాటయే ఆ బిడ్డకు దస్తావేజు.

మనకు దస్తావేజులు కలవు. కాని పినతండ్రులును కలరు. 1956లో వచ్చిన హిందూ మైనారిటీ సంరక్షకత్వచట్టమును ఊరిపెద్దలు ఒకమాఱు చదివించుకొనుట మంచిది. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డ స్థిరాస్తిని కన్నతల్లి యైనను కోర్టు అనుమతి లేక అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. బిడ్డను పెంచుచున్నాను గనుక అధికారము నాదేయని చేరిన బంధువునకు ఆ యాస్తిని అమ్మునట్టి అధికారము అసలే లేదు. అయినను గట్టు జరుగును. ఏటేట ఒక చాలు చొప్పున జరిగిన గట్టు పదేండ్లకు ఎంతదూరము పోవునో సేద్యగాండ్రకు నేను చెప్పనేల? పిల్లవాడు పెద్దవాడై అడుగునాటికి సరిహద్దురాయి ఎచ్చట నుండెనో చూచినవారు ఊరిలో ఒకరిద్దఱే మిగులవచ్చును. అట్టి బిడ్డలు మీ యూర నున్నచో, ఆ రాతి జాడ తెలిసిన ముసలివారిచేత చెప్పించి, నలుగురి సంతకములతో వ్రాయించి, ఆ కాగితమును బడిలో నొక ప్రతి, పంచాయతిలో నొక ప్రతి ఉంచుడు.